ఒకవైపే వంగే గుర్రాన్ని తిన్నగా నడిపించడం ఎలా

రేసులు మానేసి రైడింగ్ స్కూలుకి చేరిన థరోబ్రెడ్ (రేసుల జాతి గుర్రం) మీద కొత్తగా కూర్చున్నవాళ్ళు మొదటి వారంలోనే చెప్పే మాట ఇది: "కుడివైపు ఎంత తిప్పినా తిరుగుతుంది, ఎడమవైపు అనేసరికి మొండికేస్తుంది." కొన్నిటికి ఇది తారుమారుగా ఉంటుంది. ఆ తర్వాత అందరూ చేసే పని మాత్రం ఒకటే, తిరగని వైపు పగ్గాన్ని ఇంకా గట్టిగా లాగడం. ఎంత లాగితే గుర్రం అంత బరువుగా ఆ పగ్గం మీద వాలుతుంది, రౌతు చెయ్యి నొప్పెడుతుంది, గుర్రం నోరు మొద్దుబారుతుంది, నెల తిరిగేసరికి ఇద్దరికీ విసుగు పుడుతుంది. పైగా రేసు గుర్రానికి పగ్గం బిగిస్తే కళ్ళేన్ని పట్టుకుని ఇంకా ముందుకు దూసుకెళ్ళడమే అలవాటు, కాబట్టి దాని దృష్టిలో మీరు చేస్తున్నది "ఆగు, తిరుగు" అని చెప్పడం కాదు, "కానివ్వు" అని చెప్పడం.

నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి ఇది: సమస్య మెడలో లేదు, నోట్లో లేదు, మీకు మొండిగా అనిపించే వైపు అసలే లేదు. అది ఎదుటి వైపు, వెనక కాలి దగ్గర మొదలవుతుంది. ఈ మాట ఒంటికి పట్టేదాకా ఎన్ని కసరత్తులు చేయించినా ఫలితం అంతంతమాత్రమే.

ఎందుకిలా అవుతుంది

మనుషులకి కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం ఉన్నట్టే గుర్రాలకీ పుట్టుకతో ఒక వాటం ఉంటుంది. కుడివైపు వంగే గుర్రాన్ని ఉదాహరణగా తీసుకుందాం, ఇక్కడి నుంచి చివరిదాకా దాన్నే పట్టుకుని చెబుతాను, మీది ఎడమవైపు వంగేదైతే కుడి ఎడమలు మార్చి చదువుకోండి. ఇలాంటి గుర్రానికి ఒంటి కుడిపక్క కండరాలు కాస్త కురచబడి ఉంటాయి. వెనక భాగం కుడికి జరిగి ఉంటుంది. కుడి వెనక కాలు పొట్ట కిందికి వచ్చి బరువు మొయ్యాల్సింది పోయి, పక్కకి పడుతుంది. అది మొయ్యని బరువు ఐమూలగా వెళ్ళి ఎడమ భుజం మీద పడుతుంది. అందుకే ఎడమ పగ్గం బరువుగా ఉంటుంది, కుడి పగ్గం చేతిలో ఖాళీగా వేలాడుతుంది. ఎప్పుడూ ఒకే చంకన బిందె మోసే మనిషి ఒళ్ళు ఎలా ఒక పక్కకి ఒరిగి అలాగే అలవాటు పడిపోతుందో, ఇదీ అంతే. రెండో పక్కకి మార్చమంటే చేతకాక కాదు, అటువైపు బలం లేక ఇబ్బంది పడుతుంది.

గుర్రం ఒంటి కట్టుబాటు కూడా దీనికి తోడవుతుంది. ఊరికే నిలబడ్డప్పుడే దాని బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ళ మీద ఉంటుంది. మనకున్నట్టు దానికి కాలర్ బోన్, అంటే భుజాన్ని ఛాతీకి కలిపే ఎముక లేదు. రెండు భుజాల మధ్య మొండెం మొత్తం కండరాల మీద వేలాడుతూ ఉంటుంది. అందుకే ఒక భుజం మీదకి వాలిపోవడం దానికి చాలా తేలిక. ఇంకొకటి, గుర్రానికి భుజాల దగ్గర కంటే తుంటి దగ్గర వెడల్పు ఎక్కువ. అరీనా (స్వారీ నేర్పే ఇసుక మైదానం) కంచె పక్కన నడిచేటప్పుడు భుజాన్నీ తుంటినీ రెంటినీ కంచెకి సమానంగా ఆనించి నడుస్తుంది, అలా నడిస్తే వెన్ను వంకరగానే ఉంటుంది. కంచె వెంట తిన్నగా వెళ్తున్నట్టు కనిపించే గుర్రాన్ని నమ్మకండి.

పిల్లప్పుడు గడ్డి మేసేటప్పుడు ఎప్పుడూ ఒకే కాలు ముందుకు పెట్టి మేసే గుర్రాలుంటాయి. ముందుకు చాచే కాలి గిట్ట పరుచుకున్నట్టు, రెండోది నిట్టనిలువుగా పెరుగుతుంది. ఇక మనం చేసేది చూడండి: నడిపించేది ఎడమ పక్క నుంచి, జీను కట్టేది ఎడమ పక్క నుంచి, ఎక్కేది దిగేది ఎడమ పక్క నుంచి. మన దేశంలో రేసులు ఎక్కువగా కుడి మలుపులతో నడుస్తాయి, అమెరికాలో దాదాపు అన్నీ ఎడమ మలుపులే. మూడు నాలుగేళ్ళు ఒకే దిశలో పరిగెత్తి మలక్‌పేట రేస్‌కోర్సు నుంచో ముంబై మహాలక్ష్మి రేస్‌కోర్సు నుంచో వచ్చిన గుర్రానికి రెండు వైపులా సమానంగా వంగమంటే దానికది కొత్త విద్య. మొండితనం అనకండి.

ముందు నొప్పి లేదని తేల్చుకోండి

ఇది తొందరపడి దాటేసే మెట్టు కాదు. నిన్నటిదాకా రెండు వైపులా బాగానే తిరిగి ఇవాళ ఒకవైపు తిరగడం మానేస్తే అది వాటం కాదు, నొప్పి. కుంటు ఉందేమో పశువైద్యుడితో గట్టి నేల మీద, మెత్తటి నేల మీద ట్రాట్ (నడక కంటే వేగంగా, ఐమూల కాళ్ళు జంటగా పడే పరుగు) చేయించి చూపించండి. పళ్ళు ఏడాదికి ఒకసారైనా చూపించాలి, దవడ పళ్ళ అంచులు పదునెక్కి బుగ్గ లోపల కోసుకుపోతుంటే ఆ వైపు కళ్ళెం ఒత్తిడిని ఏ గుర్రమూ ఒప్పుకోదు. లాడాలు కొట్టే నాల్‌బంద్ ఆరు వారాలకోసారి వస్తుంటే, లాడం ఊడదీయగానే పాత లాడాలు నాలుగూ పక్కపక్కన పెట్టించి ఏది ఏ అంచున ఎక్కువ అరిగిందో చూడండి. పైసా ఖర్చు లేని పరీక్ష, గుర్రం బరువు ఎక్కడ వేస్తోందో అరిగిన ఇనుము చెప్పేస్తుంది.

జీను సంగతి. స్వారీ అయ్యాక జీను తీసే ముందు వెనక నుంచి చూడండి, వెన్ను మధ్యలో ఉందా, ఒక పక్కకి జారిందా? తీశాక చెమట మరకలు చూడండి, రెండు పక్కలా ఒకేలా తడిసి ఉండాలి. ఒక పక్క మధ్యలో ఎండిన మచ్చ ఉందంటే అక్కడ జీను విపరీతంగా నొక్కుతోందని గానీ, అసలు తాకడమే లేదని గానీ అర్థం. రికాబు తోళ్ళు కూడా కొలవండి. రోజూ ఎడమ రికాబులో కాలు పెట్టి ఎక్కడం వల్ల ఎడమ తోలు సాగిపోతుంది, బెజ్జాలు లెక్కపెడితే రెండూ సమానంగానే ఉంటాయి, పక్కపక్కన వేలాడదీస్తే తేడా తెలుస్తుంది. నెలకోసారి కుడిది ఎడమకి, ఎడమది కుడికి మార్చండి. ఎక్కేటప్పుడు దిమ్మె వాడండి, నేల మీద నుంచి ఎగిరి ఎక్కితే ప్రతిసారీ వెన్ను ఒక పక్కకి మెలిపడుతుంది.

ఏ వైపో తేల్చుకోవడం

పొద్దున్నే ఇసుక దువ్విన అరీనాలో, ఇంకా ఎవరూ దిగకముందు, కంచెకి దూరంగా నడిమధ్యలో తిన్నగా ఒక గీత వెంట నడిపించండి. పగ్గాలు వదులుగా ఉండాలి. దిగి, నడిచొచ్చిన దారిలోనే వెనక్కి వెళ్ళి గిట్టల జాడలు చూడండి. ఎడమ వెనక గిట్ట జాడ ఎడమ ముందు గిట్ట జాడ వరసలోనే పడి, కుడి వెనక గిట్ట జాడ మాత్రం కుడి ముందు జాడకి రెండు మూడు వేళ్ళ వెడల్పు బయటికి పడి కనిపిస్తే, మీ గుర్రం కుడికి వంగినదే. జాడ లోతు కూడా చూడండి, ఎడమ ముందు గిట్ట కొన ఇసుకలోకి ఎక్కువ దిగబడి ఉంటుంది చాలాసార్లు.

ఇంకో మార్గం, గుర్రాన్ని చూసుకునే సైస్‌ని అడగడం. రోజూ చేత్తో పట్టి నడిపించే మనిషికి తెలిసినంత ఎవరికీ తెలియదు. "నడిపిస్తుంటే ఎప్పుడూ నా మీదకే వచ్చేస్తుందన్నా, భుజంతో నెట్టేస్తుంది" అన్నాడంటే, అతను ఎడమ పక్క నడుస్తాడు కాబట్టి గుర్రం ఎడమ భుజం మీద వాలుతోందని అర్థం. దాన్ని పొగరు అనుకుని మొహం మీద కొట్టేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చెయ్యనివ్వకండి.

గుర్రాన్ని నాలుగు కాళ్ళూ సమంగా నిలబెట్టి, ఒకరు ముందు పట్టుకుని ఉండగా, వెనకాల కాస్త దూరంలో ఎత్తైన స్టూలు మీద నిలబడి వీపు మీదుగా భుజాల వైపు చూడండి. ఒక భుజం ఉబ్బెత్తుగా, ఒకటి పల్చగా కనిపిస్తుంది. తన్నే గుర్రమైతే ఇది వద్దు. ఇలా చూసినవన్నీ ఫోన్‌లో ఫోటో, వీడియో తీసి తేదీతో దాచుకోండి, రెండు నెలల తర్వాత జ్ఞాపకం మీద ఆధారపడితే మోసపోతారు.

ఒక హెచ్చరిక: అరీనాలో గుర్రం ఎప్పుడూ శాల గేటు వైపు జారుతుంటే అది వాటం కాదు, ఇంటి ధ్యాస. ఎడమకి తిరిగినా కుడికి తిరిగినా గేటు దగ్గరే జారుతుందా, లేక దిశ మారితే జారే తీరు కూడా మారుతుందా అన్నది చూసి రెంటినీ వేరు చెయ్యండి.

ఎక్కకముందు నేల మీద

వారం రోజులు కుడి పక్క నుంచి నడిపించండి. సైస్‌కి, గుర్రానికి ఇద్దరికీ మొదట్లో తికమకగా ఉంటుంది, తర్వాత సర్దుకుంటుంది. ఆ తర్వాత ఒకరోజు అటు, ఒకరోజు ఇటు.

తర్వాతది వెనక కాళ్ళు దాటించడం. గుర్రం కుడి పక్కన నిలబడి, కళ్ళేన్ని తేలిగ్గా పట్టుకుని, రౌతు కాలు తగిలే చోట వేళ్ళతో నొక్కి, కుడి వెనక కాలిని పొట్ట కిందుగా ఎడమ వెనక కాలి ముందు నుంచి దాటించి అడుగు వెయ్యమనాలి. ఒక అడుగు వెయ్యగానే నొక్కడం ఆపి మెడ నిమరండి. మూడు నాలుగు అడుగులు చాలు. కుడి వెనక కాలు పొట్ట కిందికి రావడం అంటే ఏమిటో గుర్రానికి, మీకూ, బరువు లేకుండా అర్థమయ్యే చోటు ఇదే. రెండో పక్క కూడా చేయించండి, తేడా కళ్ళకి కనిపిస్తుంది.

స్వారీ అయ్యాక, ఒళ్ళు వెచ్చగా ఉన్నప్పుడు, క్యారెట్ ముక్కతో సాగదీయడం మంచిది. ముక్క చూపిస్తూ మూతిని ముందు కాళ్ళ మధ్యకి, తర్వాత డొక్క దాకా, అలవాటయ్యాక తుంటి దాకా రప్పించి, ఐదు సెకన్లు అక్కడే ఉంచి ఇచ్చెయ్యండి. ఒక్కో వైపు ఐదుసార్లు. తల తిప్పకుండా మొత్తం ఒళ్ళు తిప్పేస్తే గోడ పక్కన నిలబెట్టి చేయించండి. చేత్తో మూతిని లాగకండి, అది తనంతట తాను సాగితేనే ఉపయోగం. మెత్తటి పొడవాటి తాడు మీద గుండ్రంగా తిప్పడం గురించి అడుగుతుంటారు. పది నిమిషాలు మించకుండా, పెద్ద చుట్టులో అయితే సరే. చిన్న చుట్టులో అరగంట పరుగెత్తిస్తే కీళ్ళు పాడవుతాయి తప్ప వంకర తీరదు.

మీరు తిన్నగా కూర్చున్నారా

కుడిచేతి వాటమున్న రౌతు కుడి పగ్గం గట్టిగా, ఎడమ పగ్గం వదులుగా పట్టుకుంటాడు, తనకి తెలియకుండానే. పగ్గాల మీద రెండు వైపులా ఒకే కొలతలో రంగు టేపు చుట్టండి, చేతులు ఎక్కడున్నాయో చూడగానే తెలుస్తుంది. ఎవరినైనా వెనక నుంచి వీడియో తీయమనండి: మీ బెల్టు సమంగా ఉందా, ఒక పక్క నడుము కుంగి ఉందా, ఒక మడమ ఎత్తులో ఉందా. వంగిన గుర్రం మిమ్మల్ని కూడా ఒక పక్కకి జారుస్తుంది, మీరు జారిన పక్కకే అది మళ్ళీ వాలుతుంది, ఇద్దరూ కలిసి వంకరకి అలవాటు పడిపోతారు. నడకలో రికాబులు వదిలేసి రెండు కూర్చునే ఎముకలూ జీనుకి సమంగా తగులుతున్నాయా అని గమనించడం రోజూ చెయ్యాలి.

లయకి తగ్గట్టు జీను మీద లేచి కూర్చునే రైజింగ్ ట్రాట్‌లో ఇంకో కిటుకు ఉంది. అరీనాలో బయటి పక్క ముందు భుజం ముందుకు వెళ్ళేటప్పుడు లేచి, వెనక్కి వచ్చేటప్పుడు కూర్చోవాలని అందరికీ నేర్పుతారు. కానీ బయట పొలాల గట్ల వెంటో ఔటర్ రింగ్ రోడ్డు అవతలి మట్టి దారుల్లోనో తిన్నగా వెళ్ళేటప్పుడు చాలామంది గంటసేపు ఒకే డయాగనల్ (ఐమూలగా కలిసి కదిలే ముందు, వెనక కాళ్ళ జంట) మీద లేచి కూర్చుంటారు, ఎందుకంటే వంగిన గుర్రం మిమ్మల్ని దానికి తేలికైన డయాగనల్ మీదకే విసిరేస్తుంది. అలా గంట వెళ్తే వారమంతా అరీనాలో సరిచేసింది పోతుంది. రెండు మూడు నిమిషాలకోసారి, ఒక కరెంటు స్తంభమో చెట్టో గుర్తు పెట్టుకుని, మార్చండి.

ఇక అసలు పని

కంచె వదిలెయ్యండి. కంచెకి రెండు మూడు మీటర్లు లోపలికి వచ్చి అక్కడ తిన్నగా వెళ్ళడం మొదలుపెట్టండి. ఆసరా పోగానే గుర్రం ఎటు జారుతుందో ఆ నిమిషంలోనే బయటపడుతుంది.

20 మీటర్ల సర్కిల్ మీద నాలుగు చోట్ల జంట కోన్‌లు పెట్టండి, ఒక్కో జంట మధ్య గుర్రం పట్టేంత సందు. ట్రాట్‌లో వెళ్తూ ఒక జంట నుంచి తర్వాతి జంటకి ఎన్ని అడుగులు పడుతున్నాయో పైకి లెక్కపెట్టండి, మీరు లేచిన ప్రతిసారీ ఒకటి. పావు సర్కిల్ సుమారు 16 మీటర్లు, మామూలు ట్రాట్‌లో ఆరు అడుగులు అటూ ఇటూగా వస్తాయి, గుర్రం సైజుని బట్టి మారుతుంది. ఎన్ని అన్నది ముఖ్యం కాదు, నాలుగు పావులకీ ఒకటే రావాలి. ఎడమ సర్కిల్‌లో ఒక పావుకి ఐదు, ఇంకో పావుకి ఏడు వస్తున్నాయంటే ఒకచోట లోపలికి కోసేస్తోంది, ఇంకోచోట బయటికి జారుతోంది. ఇది చాలా మామూలు కసరత్తు, కానీ దీనంత నిజం చెప్పే కసరత్తు నాకు ఇంకోటి తెలియదు, ఎందుకంటే అంకెలతో వాదించలేం.

ఇప్పుడు కుడి సర్కిల్, అంటే తేలికగా వంగే వైపు. ఇక్కడే అందరూ మోసపోతారు, "ఇటు బాగుంది" అనుకుని వదిలేస్తారు. బాగాలేదు. మెడ ఒక్కటే కుడికి వంగి, ఎడమ భుజం బయటికి జారి, సర్కిల్ పెద్దదవుతూ పోతుంది. కుడి పగ్గం ఇంకా లాగితే మెడ ఇంకా వంగుతుంది, గుర్రం అలాగే మీ మోకాలి వైపు చూస్తూ ఎడమకి నడిచిపోతుంది. చేయాల్సింది ఏమిటంటే, ఎడమ పగ్గాన్ని మెడకి ఆనించి స్థిరంగా ఉంచి, ఎడమ కాలిని జీను పట్టీ దగ్గరే పెట్టి, భుజాలని కుడికి తీసుకురావాలి. మెడని కాదు, భుజాలని. దీనికి సర్కిల్ కంటే చతురస్రం బాగా పనికొస్తుంది: 15 మీటర్ల భుజంతో ఒక చతురస్రం నడకలో వెయ్యండి, ప్రతి మూలలోనూ మెడ తిన్నగా ఉంచి ముందు కాళ్ళు రెండూ అడుగడుగుకీ కుడికి జరిగేలా తిప్పండి. మూలలో మూడు నాలుగు అడుగుల్లో తిరగ్గలిగితే ట్రాట్‌కి వెళ్ళండి.

ఎడమ సర్కిల్‌లో కథ వేరు. గుర్రం ఎడమ భుజం మీద లోపలికి పడుతుంది, బయటికి చూస్తుంది, ఎడమ పగ్గం మీద వేలాడుతుంది. మీరు పట్టుకుని ఉన్నంతసేపూ అది వాలుతూనే ఉంటుంది, వాలడానికి రెండో మనిషి కావాలి కదా. కాబట్టి ఎడమ చేతిని రెండు అడుగులపాటు ముందుకు ఇచ్చెయ్యండి, మళ్ళీ తెచ్చుకోండి, మళ్ళీ ఇచ్చెయ్యండి. ఇస్తూనే ఎడమ కాలితో గుర్రాన్ని కుడి పగ్గం వైపు పంపండి. 20 మీటర్ల సర్కిల్‌ని నెమ్మదిగా 12 మీటర్లకి తగ్గించి, అక్కడి నుంచి ఎడమ కాలితో తోస్తూ మళ్ళీ 20 మీటర్లకి బయటికి వెళ్ళడం మంచి సాధనం. బయటికి వెళ్ళేటప్పుడు, నాలుగైదుసార్లు చేశాక, ఇంతకాలం ఖాళీగా ఉన్న కుడి పగ్గంలో మెత్తటి బరువు ఒకటి తగులుతుంది. గుర్రం ఆ పగ్గాన్ని తనంతట తాను అందుకుంది. ఆ క్షణం గుర్తుపట్టడం నేర్చుకోండి, వెంటనే పొగడండి, పగ్గాలు వదులు చేసి ఒక చుట్టు నడవనివ్వండి. మీరు కుడి చెయ్యి వెనక్కి లాక్కుని ఆ బరువు తెచ్చుకుంటే అది లెక్కలోకి రాదు.

రెండు దిశల్లోనూ ఈ పట్టు దొరికాక షోల్డర్ ఫోర్, ఆ తర్వాత షోల్డర్ ఇన్. షోల్డర్ ఇన్ 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో రూపు దిద్దుకున్నది, ఇన్నేళ్ళ తర్వాత కూడా వంకర తీయడానికి దాన్ని మించింది రాలేదు. పొడవాటి గోడ వెంట వెళ్తూ ముందు కాళ్ళని కాస్త లోపలికి తెస్తాం, లోపలి వెనక కాలు రెండు ముందు కాళ్ళ జాడల మధ్య పడేంత మాత్రం తెస్తే అది షోల్డర్ ఫోర్. ఇంకొంచెం, దాదాపు 30 డిగ్రీలు తెస్తే, ముందు నుంచి చూసేవాళ్ళకి మూడు వరసలు కనిపిస్తాయి, అది షోల్డర్ ఇన్. కుడి దిశలో షోల్డర్ ఫోర్ చేసినప్పుడు పక్కకి తప్పించుకునే ఆ కుడి వెనక కాలికి ముందు భుజాలు వచ్చి నిలుస్తాయి, ఇక అది మొయ్యక తప్పదు. వెనక భాగం కుడికి పోయిందని దాన్ని ఎడమకి తొయ్యాలని చాలామందికి అనిపిస్తుంది. తొయ్యకండి. వెనక భాగం ఉన్నచోటే ఉండనిచ్చి, భుజాలని తెచ్చి దాని ముందు పెట్టండి. ఒక గోడ పొడవులో సగం దూరం చాలు, మిగతా సగం తిన్నగా, చురుగ్గా ముందుకు పంపండి. ముందుకు పోయే ఊపు తగ్గితే వంకర తిరిగొస్తుంది.

తిరగని వైపు రెండింతలు పని చేయించమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. నేను ఒప్పుకోను. బలం లేని కండరం తొందరగా అలిసిపోతుంది, అలిసిన గుర్రం తప్పించుకోవడానికి కొత్త దారులు వెతుకుతుంది. తేలిక వైపు మొదలుపెట్టి, కష్టమైన వైపు కాసేపు చేసి, మళ్ళీ తేలిక వైపు ముగించండి. ఎనిమిది అంకె వేస్తూ, మూడు లూపుల సర్పెంటైన్ (పాములా మెలికలు తిరిగే దారి) వేస్తూ దిశ తరచుగా మార్చండి.

తలని ఒక పక్కకి కట్టేసి శాలలో గంటలకొద్దీ నిలబెట్టడం, పగ్గాలు జీనుకి బిగించేసి మెడ వంచడం, పదునైన కళ్ళెం వెయ్యడం, వీటి జోలికి పోకండి. మెడ వంగినట్టు కనిపిస్తుంది, వెనక కాలు ఇంకా దూరం పారిపోతుంది. పెళ్ళి బరాత్ గుర్రాలకి వేసే ముళ్ళ కళ్ళెం అయితే క్రూరత్వమే, 1965 నాటి కేంద్ర నిబంధనల కింద నిషేధం కూడా.

బ్యాలెన్స్ పెంచేవి

తిన్నగా నడవడం వచ్చేకొద్దీ బరువుని వెనక్కి మార్చే పని మొదలెట్టొచ్చు. నడక నుంచి ట్రాట్‌కి, ట్రాట్ నుంచి నడకకి, పది పదిహేను అడుగులకోసారి మార్చండి. ట్రాట్ నుంచి నడకకి వచ్చేటప్పుడు పగ్గం లాగి ఆపితే బరువంతా ముందుకు దబ్బున పడుతుంది. నడుము నిటారుగా పెట్టి, ఊపిరి వదిలి, కాళ్ళు తేలిగ్గా ఆనించి, అప్పుడు వేళ్ళు మూయండి. మారే క్షణంలో తల పైకి ఎగరకపోతే సరిగ్గా చేశారన్నమాట.

నేల మీద కర్రలు పరిచి దాటించడం వల్ల ప్రతి కాలూ విడివిడిగా ఎత్తాల్సి వస్తుంది, ఒక కాలు దొంగాట ఆడటం కుదరదు. నడకకి కర్రల మధ్య 80 నుంచి 90 సెంటీమీటర్లు, ట్రాట్‌కి 1.2 నుంచి 1.4 మీటర్లు. చిన్న మార్వాడీ జాతి గుర్రానికి కాస్త దగ్గరగా, పొడవాటి థరోబ్రెడ్‌కి కాస్త దూరంగా పెట్టి, గిట్ట సరిగ్గా రెండు కర్రల మధ్యలో పడేదాకా సర్దండి. గుండ్రటి కర్రలైతే దొర్లకుండా అడ్డు పెట్టాలి. ఏ గిట్ట కర్రకి తగులుతోందో వినండి, ఎప్పుడూ ఒకే గిట్ట శబ్దం వస్తుంటే అది బలహీనమైన కాలు.

దగ్గర్లో చిన్న మిట్ట ఉంటే ఇంకేం కావాలి. ఎక్కేటప్పుడు వెనక కాళ్ళు తోస్తాయి, దిగేటప్పుడు అవే బరువు మోస్తాయి. దిగడం మరీ నెమ్మదిగా, తిన్నగా ఉండాలి, వెనక భాగం పక్కకి జారితే ఆపి, సరిచేసి, మళ్ళీ కదలండి.

ఎంతసేపు, ఎన్నాళ్ళు

వదులు పగ్గాల మీద పది నిమిషాలు నడక, ఇరవై నిమిషాలు పని, మధ్యమధ్యలో విరామం, చివర్లో మళ్ళీ నడక. మొత్తం ముప్పావు గంట దాటక్కర్లేదు. ఇలా వారానికి మూడు రోజులు చాలు, ఒకటి రెండు రోజులు బయట తిరగడానికి, ఒక రోజు పూర్తి విశ్రాంతి. మన ఎండాకాలంలో ఏడు గంటలకల్లా జీను విప్పేసేలా చూసుకోండి, వేడికి అలిసిన గుర్రం వంకర గురించి మీరు ఏ నిర్ణయానికీ రాకూడదు. తడబడటం, తోక విసురుగా కొట్టడం, ఇప్పటిదాకా చేసినది ఒక్కసారిగా మానెయ్యడం కనిపిస్తే అక్కడితో ఆపండి. తేడా మీకు తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, కండ రెండు వైపులా సమానంగా కనిపించడానికి నెలలు. పూర్తిగా పోదు, పెద్ద పోటీల గుర్రాల మీద కూడా రోజూ ఈ పని జరుగుతూనే ఉంటుంది.

కాంటర్ ఆఖరికి ఎందుకు

కాంటర్ అంటే ట్రాట్ కంటే వేగమైన, మూడు దెబ్బల దౌడు; అందులో ఏ వైపు ముందు కాలు ఎక్కువ ముందుకు చాస్తుందో అదే లీడ్. ఎడమ లీడ్ కాంటర్ తీసుకోవడం లేదని మొదటి రోజు నుంచే దాని వెంట పడతారు. ఎడమ కాంటర్‌లో మొట్టమొదట నేల మీద పడేది కుడి వెనక కాలు, ఒక్క క్షణం మొత్తం బరువు ఆ ఒక్క కాలి మీదే ఉంటుంది. మనం ఇంతసేపూ మాట్లాడుకున్న, బరువు తప్పించుకునే కాలు అదే. దానికి బలం రాకముందు అడిగితే గుర్రం తొందరగా ట్రాట్‌లో పరిగెత్తి, బ్యాలెన్స్ పోయి, తప్పు లీడ్ మీద పడుతుంది, మీరు కొడతారు, అది ఇంకా బిగుసుకుంటుంది.

ఎడమ దిశలో సర్కిల్ లోపలికి వెళ్ళి బయటికి రావడం తేలికైపోయి, కుడి పగ్గం చేతిలో నిలకడగా ఉంటున్నప్పుడే అడగండి. 15 మీటర్ల సర్కిల్‌లో, ట్రాట్ నెమ్మదిగా చేసి, ఎడమ కాలితో రెండు అడుగులు బయటికి పంపి, గుర్రం కుడి పగ్గాన్ని అందుకున్న క్షణంలో కుడి కాలిని కొంచెం వెనక్కి పెట్టి కాంటర్ అడగండి. తప్పు లీడ్ వస్తే కొట్టకుండా, తిట్టకుండా ట్రాట్‌కి తెచ్చి, లయ కుదిరాక మళ్ళీ అడగండి. సరైన లీడ్ వస్తే ఆరేడు అడుగులు వెళ్ళనిచ్చి, అది తనంతట తాను పడిపోకముందే మీరే ట్రాట్‌కి తెచ్చెయ్యండి. ఆ రోజుకి ఎడమ కాంటర్ అంతే. కుడి కాంటర్ తేలికే కాబట్టి అక్కడ సగం గోడ దూరం షోల్డర్ ఫోర్‌లో పెట్టి, వెనక భాగం లోపలికి దూరకుండా మాత్రం చూసుకోండి.